పిల్‌నమ్ పిన్నికి రాని రోగం

భూమ్మీదున్న రోగాలన్నీ మా పిల్‌నమ్ పిన్నికి వచ్చాయి. మగవాళ్ళకే వచ్చేవి రెండు కూడా అందులో ఉన్నాయి. ఇన్ని రోగాలతోనూ ఆవిడ ఈ కొరియా తీరంలోని తొంగ్యాంగ్ రేవులో ఆల్చిప్పల బస్తాని ఒంటిచేత్తో లేపి, రెండో చేత్తో నా చెవి మెలిపెట్టగలదు. నేను బడి మధ్యలో మానేసినదాన్నే, కానీ నా మాట మీద అనుమానముంటే నా చెవి చూసుకోవచ్చు.

రేవు షెడ్డులో మా అమ్మ సున్‌యే, పిన్ని పక్కపక్కనే నిలబడి చిప్పలు ఒలుస్తారు. చిప్పలు తెచ్చే లారీ నాది. నేను మలుపు తిప్పితే సముద్రం కాస్త వెనక్కి జరుగుతుందని డ్రైవర్లు చెప్పుకుంటారు. వాళ్ళు చెప్పుకోని రోజున నేనే చెబుతాను. అందుకే పిన్నిని మందుల షాపులకీ ఆస్పత్రులకీ తిప్పే పని కూడా నామీదే పడింది.

“నాకు ప్రొస్టేట్ వాచింది,” అంది ఒకసారి మందుల షాపాయనతో.

“పిన్నీ, అది ఆడవాళ్ళకి ఉండదు,” అన్నాడాయన.

“నా పేరేంటి? పిల్‌నమ్. ఈసారి తప్పకుండా కొడుకే అని మా నాన్న నేను పుట్టకముందే పెట్టేసిన పేరు. ఆయన ముచ్చటకి నాకు అదొక్కటైనా ఉండొద్దా? రాత్రిళ్ళు లేచి లేచి చస్తున్నా. ఏ డాక్టరుకి చూపించాలో చెప్పు.”

ఆయన చెప్పాడు. చెప్పేదాకా పిన్ని అక్కడినుంచి కదలదు. ఆ తర్వాత ఆవిడకి బట్టతల వచ్చింది. పిన్ని జుట్టు ఎలాంటిదంటే, ఒక్క పాయతో పడవని రేవుకి కట్టెయ్యొచ్చు. “నీకా?” అని షాపాయన నోరు తెరిస్తే, “నాకే! ఇంకెవరికి?” అని కసిరింది.

ఈ మధ్య అమ్మ స్నానశాలకి రావడం మానేసింది. ఆదివారం షెడ్డు ఆడవాళ్ళంతా వేడినీళ్ళ తొట్టిలో నాని, ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. అమ్మ వీపు పిన్నిది, పిన్ని వీపు అమ్మది. అమ్మ ఒక వారం జలుబంది, ఇంకో వారం మోకాలంది. “ఏం సున్‌యే, మా మురికి నీ మురికి కంటే తక్కువ రకమా?” అని అందరూ దెప్పారు. పిన్ని మాత్రం అమ్మని షెడ్డు వెనక్కి లాక్కెళ్ళి ఏవో గుసగుసలాడింది. ఇంట్లో అమ్మ తలుపేసుకుని, మాచిపత్రి మరిగించి నాటువైద్యంలా ఆ ఆవిరి మీద కూర్చునేది. తర్వాత గరుకుబట్టతో బరబరా రుద్దుకుంటున్న చప్పుడు వినిపించేది. శుభ్రం పిచ్చి ముదిరిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే పిన్నికి కొత్త రోగం వచ్చింది.

“కింద దురద,” అని లారీ ఎక్కుతూనే ప్రకటించింది. “ముట్లుడిగి ఇన్నేళ్ళయ్యాక! చర్మం తెల్లబడి ఉల్లిపొరలా అయిపోయింది. పగుళ్ళు. ఒంటేలుకి కూర్చుంటే మంట.”

“నీకా?”

“నాకే! ఇంకెవరికి?”

ఒక డాక్టరు, ఆయన తర్వాత ఇంకో డాక్టరు. ఇద్దరూ పిన్ని మాట వింటూనే తలెత్తకుండా ఫంగస్ క్రీము రాసిచ్చారు. “తగ్గిందా పిన్నీ?” అని అడిగితే, పక్కనున్న అమ్మ తల అడ్డంగా ఊపింది.

మూడోసారి ప్యో అనే లేడీ డాక్టరు దగ్గరికి బయల్దేరాం. “సున్‌యే, నాకు భయంగా ఉంది, నువ్వూ రా,” అని పిన్ని అమ్మని లాక్కొచ్చింది. సొరచేప ఎదురైతే దానికే దారి చెప్పి పంపించే మనిషికి భయమట!

వెయిటింగు గదిలో పిన్ని తన దురద సంగతి వీధి చివరి దాకా వినిపించేలా చెప్పింది. ఆడవాళ్ళంతా ఫోన్లలో తలలు దూర్చేశారు. అమ్మ సంచి హ్యాండిలు పిసుకుతూ కూర్చుంది. పిన్నిని లోపలికి పిలిచారు. కాసేపటికి ఆవిడ మొహం ఎర్రగా చేసుకుని బయటికొచ్చింది.

“చూస్తానంది! నిజంగానే చూసింది! నా చర్మం చంటిపిల్ల చర్మంలా ఉందట!”

“మంచిదేగా పిన్నీ!”

“మంచిదా? పరువు పోయింది!”

ఆవిడ వెనకే డాక్టరు గుమ్మంలోకి వచ్చింది. “అమ్మా, మీరు చెప్పిన లక్షణాలు నిజమే. కానీ ఆ చర్మం మీది కాదు. ఎవరిదో వాళ్ళని పంపించండి. చూడకుండా నేను ఏ పేరూ పెట్టను.”

పిన్ని పైకప్పుకేసి చూస్తూ నిలబడింది. “నాకే” అనలేదు.

అమ్మ లేచింది. “పిల్‌నమ్, నా సంచి పట్టుకో,” అంది.

నా నోట్లోకి ఈగ కాదు, కొంగ దూరినా నాకు తెలిసేది కాదు.

తిరిగొచ్చేటప్పుడు లారీలో అమ్మ ఒకటే మాట పదేపదే అంది: “దానికో పేరుందటే!”

లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మరోగమట. డాక్టరు లైటు వేసి చూసిందట. అనుమానం మిగలకుండా మత్తు సూదిచ్చి బియ్యపుగింజంత చర్మం తీసి పరీక్షకి పంపిందట. చిన్న ట్యూబు స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు ఇచ్చిందట. అక్కడ ఆవిరి, సబ్బు, గరుకుబట్ట అన్నీ బంద్. తగ్గినా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలి.

“మీ నాన్న పోయాక వచ్చింది కదే. ఎక్కడినుంచి తెచ్చుకుందో అనుకుంటారని…” అమ్మ గొంతు తగ్గింది. “ఎవరి దగ్గరినుంచీ అంటుకునేది కాదట.”

“నేను చెప్పలేదూ!” అంది పిన్ని.

“నువ్వు నీకొచ్చిందన్నావు, పిల్‌నమ్!” అంది అమ్మ.

అని నవ్వింది. ఆ నవ్వు విని చాలాకాలమైంది. లారీ నిజంగానే పక్కకి లాగింది, సముద్రమే నా అదృష్టం కొద్దీ కొంచెం జరిగింది.

వారం తర్వాత పరీక్ష ఫలితమొచ్చింది. డాక్టరు చెప్పినదే నిజం, క్యాన్సరు కాదు. పిన్ని మాత్రం మూతి ముడుచుకుంది. “ఇంత మంచి పేరున్న రోగం నాకు దక్కలేదు!”

మంట చల్లారాక ఒక ఆదివారం అమ్మ స్నానశాలకి వచ్చింది. పిన్ని అమ్మ వీపు రుద్దుతుంటే, చిప్పలు తూచే ఆవిడ దగ్గరికి జరిగి పిన్ని చెవిలో ఏదో గొణిగింది.

“ఊహూ,” అంది పిన్ని. “ఇది అప్పిచ్చే రోగం కాదు, నువ్వే చూపించుకోవాలి. నేను నీ సంచి పట్టుకుంటా.”

అప్పుడుగానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. ప్రొస్టేట్ వాచి రాత్రిళ్ళు లేచి లేచి చస్తున్నవాడు మా షెడ్డు యజమాని. మిగతా రోగాలకి కూడా ఈ రేవులో ఎవరో ఒకరు సొంతదార్లు ఉండే ఉంటారు. నేను తొట్టిలో లేచి నిలబడి, “లోకంలోని రోగాలన్నీ మా పిన్నివే, మగవాళ్ళవి రెండు సహా!” అని అందరికీ వినిపించేలా అరిచాను.

పిన్ని చెయ్యి ఆపకుండా అంది: “రెండు కాదు, ఒకటే. బట్టతల ఆడవాళ్ళకీ వస్తుంది.”