అన్నూరులో మూడు పోస్టర్లు

అవ్వ పోయిన ఉదయం నేను రెండు జాబితాలు రాశాను. ఎవరెవరికి చెప్పాలన్నది ఒకటి. పోస్టర్లు ఎక్కడ అంటించాలన్నది రెండోది. మా వైపు చావు కబురు గోడలెక్కుతుంది: ఫోటో, పేరు, శవం ఎత్తే వేళ. మేముండే తుడియలూరులో ఇరవై, అవ్వ పుట్టిన ఊరు కాబట్టి అన్నూరులో మూడు.

మొదటి జాబితా చివర గీత గీసి, కింద నా భార్య పేరు రాశాను. ఆమెకు చెప్పకూడదు. ఎనిమిదో నెల. గాజులు తొడిగి అన్నూరులోని పుట్టింటికి పంపిన పది రోజులకే బీపీ పెరిగింది. ఇంకా పెరిగితే బిడ్డను ముందే తీయాల్సి వస్తుందని, మనసు కుదుటగా ఉంచమని డాక్టరమ్మ చెప్పింది. అత్తమామలకు ఫోన్ చేసి, ఆమె చెవిన పడనివ్వొద్దని మాట తీసుకున్నాను.

మా ఇళ్లలో శవం ఎత్తే ముందు మనవలు చుట్టూ నిలబడి నేతిలో తడిపిన చిన్న కాగడాలు పట్టుకుంటారు. అమ్మానాన్నలు మిల్లుకు పోతే నన్ను పెంచింది అవ్వే. కాగడాలు చుడుతుంటే పెదనాన్న నన్ను పక్కకు పిలిచాడు.

"నీకు లేదురా. పెండ్లాం కడుపుతో ఉంటే పట్టగూడదు."

"పక్కన నిలబడొచ్చు గదా, పెదనాయనా?"

"సెరి, నిలబడు. చెయ్యి మాత్రం చాపొద్దు."

పన్నెండున్నరకు భార్య ఫోన్ చేసింది. రోజూ ఆమె అడిగేవి మూడు: నేను తిన్నానా, అవ్వ మాత్ర వేసుకుందా, మోటారు ఆపానా. ఆ రోజు మొదటిదీ మూడోదీ అడిగి పెట్టేసింది.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. అన్నూరులో మూడు. పంపుల కంపెనీలో డ్రాయింగుల్లో తప్పులు పట్టుకునే పని నాది. ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఎత్తేది రెండు గంటలకు. వెళ్లి రాగలనని లెక్క వేసి, ఎవరికీ చెప్పకుండా బైకు తీశాను. దారిలో రోడ్డు పనుల దగ్గరే అరగంట పోయింది. బస్టాండు గోడ మీద మొదటిది. జిగురింకా తడిగానే ఉంది, పీకబోతే అవ్వ ముఖం సగానికి చిరిగింది. రెండోది రేషను కొట్టు పక్కన. మూడోది అత్తవాళ్ల వీధి చివర, పాల సొసైటీ గోడకు ఉండాలి. అక్కడ నాలుగు మూలల్లో కాగితం ముక్కలే ఉన్నాయి.

నా భార్య అరుగు మీద ఒక్కతే కూర్చొని ఉంది. పోస్టరు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మకు తెలీదు. ఆమె చూసే లోపలే పీక్కోనొస్తి."

"అత్తకు తెలుసు. నీకే చెప్పొద్దన్నాను."

"ఆమె చూస్తే భయపడేది దానికి గాదు, మామా. ఇది చూడు."

మడత విప్పింది. ఆ ఫోటో గాజుల వేడుకలో తీసినది. నేనే ఎంచి పంపాను. అవ్వ భుజం మీద, అంచున, మోచేతి దాకా గాజులున్న చెయ్యి. నా భార్యది. చావు పోస్టరులో కడుపుతో ఉన్నదాని చెయ్యి.

నేను లోపలికి వెళ్లి బీపీ మిషను తెచ్చాను. పట్టీ చుడుతుంటే ఆమె అడిగింది.

"కాగడా పట్టితివా?"

"పట్టగూడదన్నారు. పక్కన నిలబడమన్నారు."

"మళ్ళా, నిలబడక ఈడికెందుకొస్తివి?"

నేను మిషను బొత్తాం నొక్కాను. మిషను మీద గడియారం రెండూ పది చూపిస్తోంది. అంకె డాక్టరమ్మ చెప్పిన హద్దు దాటింది. ఆమె కళ్లు తుడుచుకుని, ఐదు నిమిషాలాగి ఇంకోసారి చూడమంది. ఆ ఐదు నిమిషాలూ ఆమె రెండో చెయ్యి ఫోటోలోని చెయ్యి మీద ఉంది.

రెండోసారి అంకె సరిగ్గా హద్దు దగ్గరికి దిగింది. కిందికి కాదు. మామగారిని కారు తీయమని చెప్పి, ఆసుపత్రి ఫైలు కోసం లోపలికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె పోస్టరును మళ్లీ మడిచి తన సంచిలో అడుగున పెట్టుకుంటోంది. నేను ఫైలును దాని మీదే పెట్టాను.