సంతకం పెట్టని సలోమి గారు

గుడ్లవల్లేరు నుంచి సలోమి గారి కూతురు ఫోన్ చేసి, అమ్మ పొద్దున గుండెపోటుతో పోయిందండీ అని చెప్పినప్పుడు నేను మచిలీపట్నంలో మా పరిశోధన సమావేశానికి కాగితాలు సర్దుకుంటున్నాను. ఆ సమావేశానికి ఆవిడ కూడా రావాల్సి ఉంది. వారం గడిచినా ఆ దుర్వార్త నా మనసులో ఇంకా స్థిరపడలేదు.

సలోమి గారు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. గుడివాడ-బందరు రోడ్డు మీద టిక్కెట్లు కొట్టిన రోజుల్లోనే ఆవిడకు మూత్రాశయపు దీర్ఘవ్యాధి పట్టుకుంది. పరీక్షల్లో ఏ దోషమూ కనబడదు, నొప్పి మాత్రం నిప్పు పెట్టినట్టుంటుంది. డ్యూటీ రోజుల్లో ఆవిడ నీళ్లు తాగడమే మానేశారు. అంతా మీ భ్రమ అని వైద్యులు తిప్పి పంపిన ఏళ్లే ఎక్కువ. చివరికి నేను డాక్టరుగా పనిచేసే ఆసుపత్రిలో మందు కుదిరాకే చర్చిలో ప్రార్థన ముగిసేదాకా లేవకుండా కూర్చోగలిగారు.

ఆ వ్యాధిపై అధ్యయనం తలపెట్టినప్పుడు రోగులనూ సలహా సంఘంలో చేర్చాం. నిజం చెప్పాలంటే అది మాకొక లాంఛనం. మొదటి రోజే ఆవిడ మా ప్రశ్నావళి తిరగేసి, రోజుకు ఎన్నిసార్లు వెళ్తారని అడిగారు గానీ వెళ్లడానికి చోటుందా అని అడగలేదేమండీ అన్నారు. ఆ ప్రశ్న చేర్చాం.

రెండో సమావేశం నేను జీవితాంతం మరువలేనిది. కొత్త మందు పరీక్షించే ముందు రోగులు పాత మందులు ఆరు వారాలు ఆపాలని ప్రణాళికలో ఉంది. రాసింది నేనే. రోగుల ప్రతినిధిగా ఆవిడ సంతకం కావాలి. నొప్పి భరించలేనివాళ్లు మధ్యలో మందు వేసుకోవచ్చా అని ఆవిడ అడిగారు. వీల్లేదని, ఫలితాలు చెడిపోతాయని మా పెద్ద డాక్టరుగారు చెప్పారు. అయితే సంతకం పెట్టనని ఆవిడ అన్నారు. ఆయన స్వరం పెంచకుండానే, "మీ వైద్యం కూడా ఇక్కడే కదమ్మా జరుగుతోంది" అన్నారు.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ మందు అందకపోతే ఏమవుతుందో ఆ గదిలో ఆవిడ ఒక్కరికే అనుభవం.

"తెలుసండీ. తెలిసే చెప్తున్నాను," అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "డాక్టరుబాబూ, ఇది రాసింది మీరే కదా. మీకు సబబుగానే ఉందా?"

నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. "లేదండీ" అనడానికి నాకు పట్టినంతసేపూ ఆవిడ చూపు తిప్పలేదు.

అధ్యయనం నెలల తరబడి ఆగిపోయింది. చివరికి, ఎవరైనా ఏ క్షణాన్నైనా మందు వేసుకోవచ్చని, తప్పుకున్నా వైద్యం ఆగదని ప్రణాళిక మార్చాం. పెద్ద డాక్టరుగారే ఒకనాడు వార్డు బయట ఆవిడను ఆపి, ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా అని ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆవిడ బస్సెక్కి నాగాయలంక దాకా వెళ్లి, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడేవారు. అధ్యయనంలో చేరమని బతిమాలేవారు కాదు, ఎప్పుడు మానుకోవచ్చో ముందు చెప్పేవారు. అందుకే వాళ్లు చేరారు. వాళ్లలో ఒకామెకు రెండో వారంలోనే నొప్పి తిరగబెట్టింది. వెంటనే పాత మందు వేసుకుని గట్టెక్కింది. ప్రణాళికలో ఆ ఒక్క వాక్యం లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది.

సమాధి కార్యక్రమం ముగిశాక కూతురు నాకొక ఫైలు ఇచ్చింది. ఫలితాలను రోగులకు వివరిస్తూ నేను రాసి పంపిన నాలుగు పేజీల చిత్తుప్రతి అది. మూడు పేజీల నిండా ఆవిడ దిద్దుబాట్లున్నాయి. మూడోదాని చివర, "ఇది నాకే అర్థం కాలేదు బాబూ, మళ్లీ రాయండి" అని ఉంది.

ఆ ధీరురాలికి శిరసు వంచి నమస్కరించి, మళ్లీ రాశాను. నాలుగో పేజీ ఆవిడ చూడలేదు. అందులో ఏది అర్థం కాదో నాకిక చెప్పేవారు లేరు.