నూనె పూసిన సైకిలు

ఆ శనివారం నేను పొలాల ఊరికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మొదటి వీధిలో మొదటి ఇల్లు మాకు పదిహేనేళ్ల వాడిక. ఆ ఇంటావిడ చేపలు తీసుకుంటేనే మిగతా ఇళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికి వస్తారు. ఆ రోజు ఆమె గేటు దగ్గరే నిలబడి, నా తట్టలోకి చూడను కూడా చూడలేదు.

"ఏం మే, ఈ టైముకు తెస్తే ఎప్పుడు కడిగేది, ఎప్పుడు వండేది? మోపెడ్డు మీద చేపలు తెచ్చే ఆయన ఎనిమిదికే వచ్చి హారన్ కొడతుండాడు. సోమారం నుంచి ఎనిమిదికల్లా వస్తే నీ దగ్గర. లేకుంటే ఆయన దగ్గర వాడిక పెట్టుకుంటా. మళ్లా నన్నేమీ అనుకోబాక."

ఆమె తప్పేమీ లేదు. మమ్మల్ని రేవు నుంచి ఎక్కించుకునే ఆటో రొయ్యల గుంటల పనికి మళ్లింది. తట్ట తలమీద పెట్టుకుని ఇసక దారి దాటి, ఉప్పుకాలువ వంతెన ఎక్కి దిగి నడిస్తే ఎంత బిరబిరా నడిచినా అంతే. ఇంట్లో పాత సైకిలు ఉంది గానీ దాని సన్న టైర్లు ఇసకలో సగం దిగిపోతాయి. ఆ ఇల్లు పోతే వీధి పోతుంది. వీధి పోతే ఇక నేను ఎవరికి అమ్మాలి?

లావు టైర్ల సైకిలైతే ఇసకలో పోతుందని ఎవరో చెప్పగా విన్నాను. ఆదివారం మా ఆయన వేటకు పోలేదు. ఇద్దరం నెల్లూరు బస్సెక్కాం. సైకిలు ఎక్కి చూడాలి గదా అని నేను మా మరదలి చుడీదారు వేసుకున్నాను. పెళ్లయ్యాక అలాంటివి వేసుకోవడం అదే మొదలు. బస్సులో అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

షాపాయన ఒక వరస చూపించి, "ఇవన్నీ కొండలెక్కే సైకిళ్లమ్మా" అన్నాడు.

"మా ఊళ్లో కొండ యాడుందయ్యా? ఇసక దిబ్బే మాకు కొండ" అన్నాడు మా ఆయన.

మా ఆయన కన్ను ముందూ వెనకా స్ప్రింగులున్న ఎర్ర సైకిలు మీద పడింది. దాని సీటు నొక్కి నొక్కి చూసి మురిసిపోతున్నాడు. షాపాయన నన్ను అడిగాడు, "వెనక ఏం మోస్తావమ్మా?" అని.

"చేపల పెట్టె అన్నా. ఐసుతో కలిపి."

"అయితే అది వద్దు. వెనక స్ప్రింగుంటే క్యారియరు సరిగ్గా బిగియదు, బరువుకు ఊగతాది. ముందు మాత్రం స్ప్రింగున్న ఈ నల్లది చూడు."

నన్ను దాని అడ్డ కడ్డీకి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడమన్నాడు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలట, కడ్డీకీ మనకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలట. పెద్దది ఒకటి చూశాం, ఆనలేదు. చిన్నదానికి ఆనాయి. హెల్మెట్టు కూడా తీసుకోమన్నాడు. కొప్పు మీద అది కూర్చోలేదు. కొప్పు విప్పి జడ వేసుకుని పెట్టుకున్నాను. వెనక ఉన్న చిన్న చక్రం తిప్పితే తలకు బిగిసింది.

"తలమీద కొబ్బరి డిప్ప బోర్లించినట్టుండాది మే" అని మా ఆయన నవ్వాడు. "ముప్పై కేజీల తట్ట మోసిన తల. దీనికి డిప్పెందుకు?"

"ఉండనీయో" అన్నాను. చేతి గ్లౌజులు, గాలి పంపు కూడా తీసుకున్నాం. ఇసకలో టైర్లకు గాలి కొంచెం తగ్గించి తొక్కాలని, తారు రోడ్డు ఎక్కాక మళ్లీ కొట్టుకోవాలని షాపాయన చెప్పాడు. చివరగా చక్రాల మధ్యలో ఉన్న పల్చటి ఇనుప పళ్లేలను చూపించాడు. బ్రేకు వాటినే పట్టి ఆపుతుందట.

"వీటికి మాత్రం నూనె చెయ్యి తగలనీబాకమ్మా."

సరే అన్నాను. అప్పుడు మా ఆయన బయట బస్సు మీద సైకిలు ఎక్కించే సంగతి మాట్లాడుతున్నాడు. ఆ మాట ఆయనకు కూడా చెప్పాలని నాకు తట్టనే లేదు.

మా ఊళ్లో ఇనుము కనిపిస్తే నూనె పూస్తారు. ఇంజను బోల్టులకు, లంగరు గొలుసుకు, తలుపు గొళ్లేనికి కూడా. పూయకపోతే ఉప్పుగాలి నెలకే తినేస్తుంది. ఆ సాయంత్రం నేను పొయ్యి దగ్గర ఉంటే మా ఆయన వాకిట్లో కూర్చుని కొత్త సైకిలంతా ఇంజనాయిలు గుడ్డతో తుడిచాడు. చంటిబిడ్డకు ఒళ్లంతా రుద్దినట్టు ఎక్కడా వదలకుండా రుద్దాడు. నేను తొంగి చూసి సంతోషపడ్డాను కూడా.

సోమవారం ఆరింటికి రేవులో కానాగంతలు, నెత్తళ్లు ఐసులో వేసుకుని బయలుదేరాను. తలమీద బరువు లేకపోతే మెడ ఏదో మరిచిపోయినట్టు ఉంది. ఇసక దారిలో సైకిలు బాగా పోయింది. అక్కడ బ్రేకు పట్టాల్సిన పని లేదు, కాలు ఆపితే ఇసకే ఆపుతుంది. తారు రోడ్డు మీద గాలి కొట్టుకుని వంతెన మీదికి తోసుకుంటూ ఎక్కాను. పైనుంచి చూస్తే పొలాల ఊరి నీళ్ల ట్యాంకు కనిపించింది. ఇంకా ఏడున్నర కాలేదు. నాలో నేనే నవ్వుకుని సీటెక్కాను.

సగం దిగాక బ్రేకు పట్టాను. ఏమీ కాలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టాను. సర్రుమని సైకిలు జారుతూనే ఉంది. వెనక పెట్టె నన్ను ముందుకు తోస్తోంది. చెప్పు నేలకు ఆనిస్తే చెప్పు ఊడిపోయింది. కింద మలుపులో గడ్డి ట్రాక్టరు ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది. డ్రైవరు నన్ను చూసి, "మే, తప్పుకో, తప్పుకో!" అని అరిచాడు. తప్పుకోవడానికి దారేది?

అప్పుడు నాకు గుర్తొచ్చింది పడవలే. పడవకు బ్రేకు ఎక్కడుంది? ఒడ్డుకు వచ్చేటప్పుడు నేరుగా ఇసక మీదికి ఎక్కిస్తారు, అంతే. రోడ్డు పక్కన ఎవరో ఇంటి పనికి పోసిన ఇసక కుప్ప ఉంది. హ్యాండిలు దానివైపు తిప్పేశాను.

ముందు చక్రం కూరుకుపోయింది. నేను ఎగిరి అవతల పడ్డాను. మైలురాయికి తల కొట్టుకున్న చప్పుడు నాకే వినిపించింది. లేచి తడుముకుంటే తల బాగానే ఉంది, హెల్మెట్టు చీలింది. మోచేయి గీరుకుపోయింది గానీ గ్లౌజుల వల్ల అరచేతులు బతికాయి.

ట్రాక్టరాయన పరుగున వచ్చి సైకిలు లేపాడు. బ్రేకు పళ్లెం మీద వేలు పెట్టి, వాసన చూశాడు. "ఎవురు మే దీనికి ఆయిలు పూసింది? నీ మీద పగ ఉండాదా ఆయనకు?"

నాకు షాపాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. పగ కాదు, నా మతిమరుపు.

సగం చేపలు ఇసకలో పడ్డాయి. వాటిని ఏరి వేరే సంచిలో వేశాను. పెట్టెలో ఉన్నవి అలాగే ఉంచాను. రోడ్డు చదునుగానే ఉంది కాబట్టి ఒక కాలు నేలకు రాస్తూ మెల్లగా తొక్కాను. ఊరి మొదట్లోకి వచ్చేసరికి వెనక నుంచి మోపెడ్ హారన్ వినబడింది. మోపెడ్డాయన నన్ను దాటేసి ఆ గేటు ముందే ఆగాడు.

ఆ ఇంటావిడ గిన్నెతో బయటికి వచ్చింది. మోపెడ్ వైపు ఒక అడుగు వేసి, నన్ను చూసి ఆగిపోయింది.

"అదేంది మే ఆ డిప్ప? ఆ నెత్తురేంది?"

"వంతెన కాడ పడినానక్కా. ఎనిమిది కాలేదుగా?"

"చేపలు కూడా పడినాయా?"

"సగం పడినాయి. అవి ఈ సంచిలో, మా ఇంటికి. ఇవి పెట్టెలోవే, ఇసక తగల్లా."

ఆమె మోపెడ్డాయన వైపు తిరిగింది. "నువ్వు పో నాయనా. పడినయ్యి పడినాయని దాచకుండా చెప్పిందిగా, అది చాలు నాకు." గిన్నె నా ముందు పెట్టి, "ముందు ఆ చెయ్యి కడుక్కో" అంది. నాలుగిళ్లకు సరిపోయాయి ఆ రోజు. మిగతావాళ్లకు రేపు తెస్తానని చెప్పాను.

ఇంటికొచ్చాక మా ఆయనకు జరిగింది చెప్పాను. షాపాయన అన్న మాట ఆయనకు చెప్పడం నేనే మరిచానని కూడా చెప్పాను. ఆయన చీలిన హెల్మెట్టును చేతిలో తిప్పి తిప్పి చూశాడు. షాపుకు ఫోను చేస్తే, పళ్లేలకు నూనె లేకుండా కడిగి బ్రేకు లోపలి బిళ్లలు మార్చాలని, దెబ్బ తగిలిన హెల్మెట్టు మళ్లీ పెట్టుకోకూడదని చెప్పారు. మధ్యాహ్నం బస్సుకే ఆయన నెల్లూరు పోయి రెండూ తెచ్చాడు.

నూనె పూయడం మాత్రం మానలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం పూస్తాడు. కాకపోతే ముందు ఆ రెండు పళ్లేలకూ నా పాత చీర ముక్కలు చుట్టి, ముడి వేసి, ఆ తర్వాతే డబ్బా తెరుస్తాడు. సోమవారం ఆ ముడులు నేను విప్పుతాను. వంతెన పైన ఆగి, బ్రేకు పట్టి సైకిలును ముందుకు తోసి చూసి, కదలకపోతేనే ఎక్కుతాను.