పాపకు గౌను, నాకు ఆలస్యం

మా మామగారు ఊళ్లో సగంమందికి బట్టలు కుట్టారు. అయినా సొంత మనవరాలికి గౌను తొడగమంటే పొద్దు గడిచిపోతుంది. పోనీ ఆ పని ఇంకొకరి చేతికి ఇస్తారా అంటే అదీ లేదు.

రోజూ పాపను తయారుచేసి, తల్లికి అప్పగించి, నా స్కూటర్ వెనక ఎక్కి టైలరింగ్ దుకాణానికి వెళ్తారు. అంటే పాప ఒంటి మీద గౌను పడితేగాని ఆయన కదలరు, ఆయన కదిలితేగాని నా బండి కదలదు. ఆఫీసులో మా మేనేజరు నాకు చివరి హెచ్చరిక కూడా ఇచ్చేశాడు.

పాపను మంచం మీద పడుకోబెట్టగానే తతంగం మొదలు. కుడిచెయ్యి దూర్చేలోగా ఎడమచెయ్యి బయటికొస్తుంది. పాప బోర్లా పడి దిండు వైపు పాకుతుంది. ఈయన అటు పరిగెత్తి చేతికందిన కాలు పట్టుకుంటారు. దాన్నే గౌనులోకి దూర్చి, వెనక్కి జరిగి, కళ్లజోడు సవరించుకుంటారు.

"నడుం దగ్గర కొంచెం పట్టేసినట్టుంది అల్లుడుగారూ."

"అది చెయ్యి పెట్టే చోటండీ. మీరు కాలు పెట్టారు."

"అందుకా. అయితే మొదట్నించీ చూద్దాం."

అని గౌను మొత్తం విప్పేస్తారు. ఈలోగా పాప మేజోడు నములుతూ ఉంటుంది. టోపీ ఈయన నెత్తిమీదే ఉంటుంది, ఈయనేమో దానికోసం మంచం కింద వెతుకుతుంటారు.

"మామయ్యగారూ, నా ఉద్యోగం పోయేలా ఉంది."

"తొందరపడితే కుట్లు తెగుతాయి బాబూ."

ఆ మధ్య పాపకు టీకా వేయించాల్సి వచ్చింది. నేను స్కూటర్ తుడిచి వచ్చేసరికి పాప గౌను, టోపీ, రెండు మేజోళ్లతో ఆయన చంకలో సిద్ధంగా ఉంది. ఒక్క బొత్తం తప్పలేదు.

"ఎవరు తొడిగారండీ?"

"నేనే."

"మరి రోజూ ఆ బాగోతమేంటి?"

ఆయన లోపలికి తొంగిచూసి గొంతు తగ్గించారు. "రాత్రి అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ లేదు కదా, కంటినిండా నిద్రపోయింది. మిగతా రోజులు తెల్లారాక వచ్చి పడుకుంటుంది. పాప తయారైతే అమ్మాయిని లేపాలి. ఈ ఆట సాగినంతసేపూ పిల్లకి అమ్మ గుర్తురాదు."

"నాకైనా చెప్పొచ్చుగా."

"చెబితే మీరు దానికి చెప్తారు. మీకు ఆలస్యమవుతోందని అదే లేచి కూర్చుంటుంది."

ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆయన ముద్దొచ్చారు.

మర్నాడు నా ముఖం చూసి జాలిపడ్డారేమో, గౌను తొందరగానే తొడిగేశారు. లోపల రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మా ఆవిడ సన్నగా గురక పెడుతోంది.

"లేపమంటారా?" అన్నారు అయిష్టంగా.

నేను పాపను తీసుకుని బొత్తాలు విప్పాను. "తిరగేసి తొడిగినట్టున్నారండీ."

ఆయన గౌనును చూశారు. నన్ను చూశారు. "అవునవును," అని పాపను మళ్లీ మంచమెక్కించారు.

నేను వసారాలోకి వెళ్లి, స్కూటర్ మొరాయిస్తోందని మేనేజరుకి ఫోన్ చేశాను.