టీ తోటలో తెంపిన చిగురు

మొన్న మా ఆవిడ చెల్లెలు ఒక టీ డబ్బా పంపింది. మూత మీద పచ్చని తోట బొమ్మ. చూడగానే నా నోరు చేదయింది. నా ఈడువాళ్లకు టీ తోట అంటే వేసవి సెలవులు, చల్లగాలి గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం మా తోడల్లుడి నవ్వు గుర్తుకొస్తుంది.

కూనూరు కొండల మీద మా తాతగారికి బంగళా, దాని కింద వాలంతా టీ తోట ఉండేవి. చిన్నప్పుడు ప్రతి వేసవీ అక్కడే గడిచింది. పొద్దున్నే మంచులో ఆయన వెంట వెళితే, రెండాకులూ ఒక మొగ్గా తెంపి నా అరచేతిలో పెట్టి, నలిపి వాసన చూడమనేవారు. తరువాత కోర్టు వ్యాజ్యాలలో అన్నీ వేలానికి పోయాయి. న్యూజిలాండ్ వచ్చి శాండ్రింగ్‌హామ్‌లో అద్దె ఇంట్లో ఉన్న నేను మా అమ్మాయికి ఇవ్వగలిగిన ఆస్తి ఆ కొండ కబుర్లే. తెలుగు అర్థమైనా మాట్లాడని ఆ పిల్ల, పడుకునే ముందు అడిగి మరీ చెప్పించుకునేది. ఆస్తి పోయిన సంగతి మాత్రం, నేను ఎంచుకున్న రోజున, నా నోటితోనే చెప్పాలని దాచి ఉంచాను.

రెండు వేల పదుల మధ్యలో ఒక ఆదివారం, మా ఊళ్లోనే ఇంకో కొసన ఆల్బనీలో పెద్ద ఇల్లు కొన్న మా తోడల్లుడు, తన స్నేహితుల కుటుంబాలతోపాటు మమ్మల్నీ హామిల్టన్ వైపు ఒక టీ తోటకు తీసుకెళ్లాడు. దారి పొడవునా తన ఇంటి గురించే చెప్పాడు. దువ్విన జుట్టులా పొదలు బారులు తీరిన ఆ మెరకలను కొండలనడానికి నాకు మనసొప్పలేదు. అయినా వాటి మధ్య నిలబడగానే చెయ్యి దానంతటదే వెళ్లి చిగురు తెంపింది. అమ్మాయి అరచేతిలో పెట్టబోతుంటే, తోట చూపిస్తున్న కివీ యువతి, మొక్కలు ముట్టుకోవద్దని మర్యాదగానే చెప్పింది. నా బదులు మా తోడల్లుడు ఆమెకు సారీ చెప్పి, నా వైపు తిరిగాడు.

“అన్నయ్యగారూ, ఇది మీ తాతగారి ఎస్టేట్ కాదండీ. అయినా అదీ వేలంలో పోయిందిగా, ఇంకా ఈ ఓనర్ ఫీలింగ్ ఏంటండీ?”

అందరూ నవ్వారు. వాళ్ల నవ్వు నాకు లెక్కలేదు. అమ్మాయి నా ముఖంలోకి చూసింది.

“నాన్నా, ఈజ్ దట్ ట్రూ?”

నిజమేనన్నాను. ఆ పిల్ల తనూ నవ్వి, వాళ్ల బాబాయి పక్కకు వెళ్లి నడిచింది.

నేను అక్కడ టీ ముట్టలేదు. సర్దుకుపొమ్మని మా ఆవిడ ఎంత చెప్పినా, ఆ తరువాత వాళ్ల గుమ్మం తొక్కలేదు, తొక్కను.

మా రోజుల్లో పెద్దవాళ్లకు నలుగురిలో అవమానం జరిగితే పిల్లలం తల దించుకునేవాళ్లం. ఇప్పుడు ఒక ఇల్లు కూలిన కథ కూడా విహారయాత్రలో హాస్యానికి పనికొస్తోంది. మా అమ్మాయి క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది. కొండ కబుర్లు అడగదు, మా దగ్గర వాన పడుతోందా అని అడుగుతుంది. పడుతోందని చెబుతాను.