కిటికీ వైపు తిరిగినాయన

నరసన్నపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఒక అలవాటుండేది. తెర వెలగగానే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. దుకాణంలోనూ అంతే, ఇళ్లకు వచ్చినా అంతే.

మా ఆవిడ చనిపోయిన ఏడాది వానాకాలంలో మా కంప్యూటర్ మొరాయించింది. మీట నొక్కితే ఫ్యాను తిరిగేది కానీ తెర నల్లగానే ఉండేది. కబురు పెడితే ఆయన వచ్చి పెట్టె విప్పాడు. పక్కనున్న రైస్‌మిల్లు దుమ్ము లోపల మెత్తగా పేరుకుని ఉంది.

"ఏటి బావూ, కంప్యూటరెట్టేరా, గాదె కట్టేరా?" అని నవ్వాడు.

"ఆవిడ గొంతు ఇందులోనే ఉంది. ఇంకెక్కడా లేదు" అన్నాను.

ఆయన మళ్లీ నవ్వలేదు. దుమ్మంతా బ్రష్షుతో దులిపాడు. ర్యామ్ పలకను ఊడదీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో నెమ్మదిగా రుద్దాడు.

"ఇది సరిగ్గా ఆనకపోతే బొమ్మ రాదు. సూద్దాం."

పలకను బిగించి మీట నొక్కాడు. రాలేదు. మళ్లీ తీసి, మళ్లీ రుద్దాడు. బయట వాన సన్నగా పడుతూనే ఉంది. ఈసారి తెర వెలిగింది. వెంటనే ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"మీరు సూసుకోండి. మీ ఇంటి మాటలు నాకెందుకు?"

కొత్త మైకు తెచ్చిన రోజు ఆవిడ సరదాగా మాట్లాడిన ముక్క ఒకటి దొరికింది. నొక్కాను.

"ఏటండీ, నా మాట వినబడతన్నాదా?"

ఆవిడ మళ్లీ అడిగింది.

ఆయన వాననే చూస్తూ, "వినబడతన్నాదమ్మా" అన్నాడు.