సోమలింగం చేతుల వణుకు

సోమలింగం పది నిమిషాలు ఒక్కచోట కుదురుగా కూర్చుంటే చూడాలని అతని భార్య బాలవ్వ మొక్కుకోని దేవుడు లేడు. కూర్చుంటాడు, లేస్తాడు. గడప దాకా పోతాడు, తిరిగొస్తాడు. చాయ్ చేతికిస్తే సగం తాగి గ్లాసు కింద పెట్టి, గల్లీ చివర పాన్ డబ్బా దాకా నడుస్తాడు. ఎందుకొచ్చానా అని అక్కడ కాసేపు నిలబడి, ఏమీ కొనకుండా వెనక్కొస్తాడు. కాళ్ళలో చీమలు పాకుతున్నాయంటాడు. బిందెడు నీళ్ళు తాగినా నాలుక అంగిట్లో అతుక్కునే ఉందంటాడు. ఇవన్నీ చెప్తాడు గానీ చేతుల సంగతి మాత్రం ఎత్తడు. వాటిని చంకల్లో దాచుకుంటాడు, లుంగీ మడతల్లో దాచుకుంటాడు. ఆ చేతులు వణుకుతున్నాయి.

నలభై దాటిన మనిషికి చేతులు కాస్త వణికితే ఏం మునిగిపోయింది అని మీరనొచ్చు. సోమలింగం బతుకు ఆ పది వేళ్ళ మీదే ఉంది. అతనిది వైపని. సాంచె, అంటే మరమగ్గం మీద పడుగు అయిపోవస్తే, పోగులు చుట్టిన కొత్త బీము తెచ్చి పెడతారు. అప్పుడు పాత పడుగు కొసల్లోని ఒక్కో పోగును కొత్త బీములోని ఒక్కో పోగుకు చేత్తో ముడివేయాలి. అలాంటి పోగులు నాలుగు వేల పైచిలుకు, కంటికి సరిగా ఆననంత సన్నవి. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చిన మనవాళ్ళలో సాంచెలు నడిపేవాళ్ళు వేలమంది ఉన్నారు గానీ, మంచి వైపనివాళ్ళను వెతుక్కోవాలి. సూరత్ శివారు భేస్తాన్‌లో ఏ కార్ఖానాకు వెళ్ళి అడిగినా సోమలింగం పేరే చెప్పేవారు.

ఈ పని జోడీగా చేస్తారు. ఒకడు కుడి అంచు నుంచి, ఇంకొకడు ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి నడుమకు వస్తారు. సోమలింగం జోడీ పరమేశ్వర్. బాలవ్వకు చిన్నాయన కొడుకు, అంటే ఇతనికి బామ్మర్ది వరస. ఇద్దరూ కూర్చునే ముందు సరిగ్గా నడిమి పోగుకు ఎర్రదారం ముక్క కడతారు. దాని దగ్గరికి వెనక చేరినవాడు చాయ్ తాగించాలి. పన్నెండేళ్ళ జోడీలో సోమలింగం చాయ్ తాగించిన రోజులు చాలా తక్కువ. పరమేశ్వర్ మాత్రం తాగించీ తాగించీ అలవాటుపడిపోయాడు.

అలాంటి మనిషికి తొంభై ఆరు వానాకాలంలో ఏమైందో ఏమో. కారణం వెతికితే ఏదీ దొరకదు. రెండేళ్ళ కిందట ప్లేగు వచ్చి ఊరు ఊరంతా రైళ్ళెక్కి పారిపోయినప్పుడు కూడా, మూతికి తువ్వాలు కట్టుకుని ఇంట్లో దిలాసాగా పప్పు వండుకుతిన్న మనిషి. ఇప్పుడు ఏమీ జరక్కుండానే కూలబడ్డాడు. అన్నం సయించలేదు. మాట పెగల్లేదు. ఏడ్చినా బాగుండునని బాలవ్వ అనుకుంది, ఏడుపూ రాలేదు. ఒక పొద్దున నీళ్ళ డబ్బా పట్టుకుని రైలు పట్టాల దిక్కు వెళ్ళి ఎంతకీ రాకపోతే ఆమె వెతుక్కుంటూ పోయింది. పట్టాల పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు. డబ్బా ఎక్కడో పడిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఆ రోజు నుంచి పైట కొంగు అతని చొక్కాకు ముడివేసుకుని పడుకుంది.

బాలవ్వ ఇంట్లో కూర్చుని చీరలకు టిక్కీలు, అంటే తళుకు బిళ్ళలు అంటించే పని చేస్తుంది. చీరలు తెచ్చిచ్చే గుజరాతీ ఆమె ఒక డాక్టరమ్మ పేరు చెప్పింది. ఆమె దవాఖానా బోర్డు మీద మనసుకు సంబంధించిన మాటేదో రాసి ఉంది. అది ఎవరి కంటా పడకూడదని వీళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పది అడుగుల దూరంలో నడిచి లోపలికి పోయారు. అడిగినవాళ్ళకు గ్యాస్ ట్రబుల్ అని చెప్పారు. గ్యాస్ ఎవరికైనా ఉంటుంది, పిచ్చి మాత్రం ఎవరికీ ఉండకూడదు కదా. ఆ డాక్టరమ్మ గది బయట ఎప్పుడు చూసినా ముప్పైమంది ఉంటారు. ఆమె హిందీలో ఏం పని చేస్తావంటే, సూరత్‌లో మనవాళ్ళందరూ చెప్పే జవాబే సోమలింగం చెప్పాడు. సాంచెల్లో, అన్నాడు. ఆమె రాసుకుంది. పొద్దున పూట ఒక గొట్టం గోలీ, పదిహేను రోజుల తరవాత రెండు.

గోలీలు పనిచేయలేదంటే అన్యాయం. మూడో వారంలో ఒకరోజు సోమలింగం తలెత్తి, "పచ్చిపులుసు చేస్తవా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకు బాలవ్వ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయితే గోలీలు రెండయిన నాటి నుంచీ ఈ నడక మొదలైంది, ఈ దాహం, ఈ చెమట, ఈ వణుకు. గోలీకి ఇలాంటివి ఉంటాయని ఇద్దరికీ తెలియదు. మనసులోని జబ్బు దిగి చేతుల్లోకి వచ్చిందనుకున్నాడు సోమలింగం. ఇక ఇది పోదు, చేతులతో మొదలై నన్ను మొత్తం తినేస్తుంది అనుకున్నాడు. ఆ భయం ఒక్కటే అతన్ని గల్లీల్లో ఇంకా తిప్పింది. డాక్టరమ్మకు చెప్తే ఏం చేస్తుందో, ఆస్పత్రిలో వేస్తుందేమోనని చెప్పలేదు.

కార్ఖానాలో దాచడం ఎలా? వేళ్ళకు చెమట పట్టకుండా బూడిద అద్దుకుంటారు వైపనివాళ్ళు. సోమలింగం ముందరి బూడిద కుప్ప గంటలో ఖాళీ అయ్యేది. పోగు పట్టుకుంటే జారేది, ముడి వేస్తే విడిపోయేది. అరగంట కాకముందే కాళ్ళు లేపేవి. నీళ్ళని, చుట్ట అని, ఏదో ఒక సాకుతో లేచి సాంచెల వరసల మధ్య అటూ ఇటూ తిరిగేవాడు. పరమేశ్వర్ తన వైపు పూర్తి చేసుకుని, ఎర్రదారం దాటి, బావ వాటా పోగులు కూడా ముడివేసేవాడు. చాయ్ కూడా తనే చెప్పేవాడు. పందెం మాట ఎత్తేవాడు కాదు. మనిషిని చంపాలంటే ఇంతకన్నా పెద్ద జాలి అక్కర్లేదు.

ఈ పరమేశ్వర్‌కు ఒక నమ్మకం కుదిరింది. మన దిక్కు మనుషులు తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. ఊళ్ళో మందు కలిపిన కల్లుకు మరిగినవాళ్ళను అతను చిన్నప్పటి నుంచీ చూశాడు. ఒక్కరోజు కల్లు దొరక్కపోతే చేతులు వణుకుతాయి, చెమటలు కారుతాయి, కూర్చోలేరు, నిలబడలేరు. సోమలింగం ఎండాకాలంలో పెళ్ళికని ఊరికి పోయి ఇరవై రోజులుండి వచ్చాడు. గుజరాత్‌లో కల్లు లేదు, సారా మీద నిషేధం. ఇంకేముంది, అంతా సరిపోయింది.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక మెల్లగా అడిగాడు. "బావా, నాతోని దాసకు. ఊర్ల కల్లు మరిగినవా?"

సోమలింగం తండ్రి కల్లు తాగీ తాగీ నలభై నిండకుండా పోయాడు. ఆ రోజు తల్లి ముందర ఒట్టు పెట్టుకున్న సోమలింగం, బీరప్ప పండుగకు అందరూ తాగుతున్నా మజ్జిగ గ్లాసుతో కూర్చునేవాడు. ఆ సంగతి పరమేశ్వర్‌కు తెలియంది కాదు. కాదని చెప్తే మరి ఏందిది అంటాడు. చెప్పాల్సిన మాట నాలుక కిందే ఉంది. దాన్ని చెప్తే రేపు పని చూసే ముకాదం బిక్షపతికి తెలుస్తుంది, ఎల్లుండి సేటుకు తెలుస్తుంది. పిచ్చోడిని పడుగు మీద ఎవరు కూర్చోబెడతారు? తాగుబోతులైతే ప్రతి కార్ఖానాలోనూ ఉన్నారు.

"అవ్ రా, పరమేశా," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఒట్టు ఆ ఒక్క మాటతో పోయింది.

పరమేశ్వర్ మంచివాడు, అదే వచ్చిన చిక్కు. సాంచెలు బందుండే రోజు చూసుకుని ఊరి బయట పల్సానా దాకా పోయి, టిఫిన్ డబ్బాలో అడుగున దాచి రెండు సారా పొట్లాలు తెచ్చాడు. దొరికితే పోలీసులు తోలు వలిచేవారు. పట్టపగలు తన గదిలో తలుపు వేసి గ్లాసులో పోసి ముందర పెట్టాడు.

"ఒక్కసారే బంద్ పెడితే గిట్లనే అయితది బావా. జర జర తాగుకుంట మానాలె. మా తాత గట్లనే మానిండు."

సోమలింగం గ్లాసు అందుకున్నాడు. వణుక్కు సగం చాప మీద ఒలికింది. పరమేశ్వర్ తన రెండు చేతులతో అతని చేతులను, గ్లాసును కలిపి పట్టుకుని నోటి దగ్గరికి చేర్చాడు. ఆ చేతుల వెచ్చదనానికే సోమలింగం తాగాడు. సారా కోసం కాదు, అబద్ధం నిలబెట్టుకోవడానికి కూడా కాదేమో. ఇన్ని నెలల్లో ఆ చేతులను భార్య తప్ప ఇంకొకరు పట్టుకోవడం అదే మొదలు.

రెండు గుక్కలు దిగాయో లేదో గది తిరిగింది. గాలి కోసం లేచి నిలబడబోయి గోడకు కొట్టుకుని పడ్డాడు. కక్కుకున్నాడు. ఒళ్ళంతా చల్లబడింది. పరమేశ్వర్ ఆటో పిలిచి ఇంటికి మోసుకొచ్చాడు.

బాలవ్వ వాసన చూసింది. భర్త ముఖం కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, తమ్ముడి వైపు తిరిగింది.

"ఏం తాగిపిచ్చినవ్ తమ్మీ?"

"కల్లు దొరకక వణుకుతుండు గదా అక్కా. జర సారా..."

"కల్లు ఎవడు తాగిండు? నీకు ఎవడు జెప్పిండు?"

"బావనే ఒప్పుకున్నడు."

బాలవ్వ లేచి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి అడుగు నుంచి గోలీల పట్టీ తీసి అతని ముందర వేసింది. "గివి మనసు గోలీలు. రెండు నెలల సంది మింగుతుండు. రైలు పట్టాల కాడికెల్లి నేను చెయ్యి పట్టి తోల్కొచ్చిన. ఎవలకు జెప్పాలె? జెప్తే పిచ్చోడంటరు."

పరమేశ్వర్ ఆ పట్టీని తిప్పి తిప్పి చూశాడు. తరవాత అడిగాడు, "మరి వణుకుడు ఎప్పటి సంది అక్కా?"

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసింది. "రెండు గోలీలు అయిన కాడికెల్లి." ఆ మాట నోటివెంట వచ్చాక గానీ ఆమెకు అందులో ఉన్నది తట్టలేదు. అక్కా తమ్ముడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పడుకున్న సోమలింగం కళ్ళు తెరిచే ఉన్నాయి. అతనూ విన్నాడు.

మర్నాడు ముగ్గురూ కలిసే పోయారు, పది అడుగుల దూరాలు లేకుండా. డాక్టరమ్మ ఎప్పటిలాగే తల ఎత్తకుండా, ఎలా ఉందని అడిగింది. సోమలింగం రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. అవి కొట్టుకుంటుంటే చూసింది. సాంచెల్లో చేసే పనికి అంత ఇబ్బందా అంది. పరమేశ్వర్‌కు హిందీ చాల్లేదు. రుమాలు అంచు నుంచి ఒక పోగు పీకి, తెంపి, ఆమె కళ్ళ ముందర ముడివేసి చూపించాడు. ఇలాంటివి నాలుగు వేలమ్మా, రోజూ, అన్నాడు. డాక్టరమ్మ ఆ పోగు అందుకుని ముడి ఎక్కడుందా అని వెలుతురుకు పెట్టి వెతికింది. కనపడలేదు. కలం పక్కన పెట్టేసింది.

అప్పుడు తీరిగ్గా చెప్పింది. నోరు ఎండడం, చెమట, కూర్చోలేకపోవడం, వణుకు, ఇవి కొందరికి ఈ గోలీ వల్ల వస్తాయి. ఇది జబ్బు ముదరడం కాదు. మోతాదు తగ్గిస్తే చాలామందికి తగ్గుతాయి. అంతేగాని తనంతట తాను మానేయకూడదు, దీని మీద సారా అసలే తాగకూడదు, ఏ తేడా వచ్చినా వెంటనే వచ్చి చెప్పాలి. "మొదటి రోజే నేను చెప్పాల్సింది," అంది. రెండు గోలీలను ఒకటి చేసి, వణుకుకు ఇంకో చిన్న బిళ్ళ రాసింది. బయటికి వచ్చాక సోమలింగం మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతుల్లోకి దిగింది పిచ్చి కాదు, గోలీ. ఆ మాటతో గుండెల మీది బండ దిగింది.

బండ దిగినంత మాత్రాన చేతులు వెంటనే కుదురుకోలేదు. నెల పట్టింది. నెల తరవాత కూడా కాళ్ళు గంటకొకసారి లేపుతూనే ఉన్నాయి. అయినా పోగు మీద ముడి నిలుస్తోంది.

ఒకనాడు కొత్త బీము దగ్గర ఇద్దరూ చెరో అంచునా కూర్చుని ఉంటే ముకాదం బిక్షపతి వచ్చి నిలబడ్డాడు. వణుకు సంగతి అడిగినప్పుడు పరమేశ్వర్ అతనితో కల్లు వల్లనే అని చెప్పి ఉన్నాడు. పక్క సాంచెల వాళ్ళకు వినపడేలా, "ఏం సోమలింగం, కల్లు మర్చిపోయినవా లేదా?" అని నవ్వాడు. నలుగురూ నవ్వారు. పరమేశ్వర్ తల వంచుకుని, ఏదో ఒక అబద్ధం వెతుకుతూ నోరు తెరిచాడు.

సోమలింగం చేతిలోని ముడి పూర్తి చేశాడు. తరవాత తలెత్తాడు. "నేను ఎన్నడు కల్లు తాగలే బిక్షపతీ. నాకు మనసు బాగలేకుండె. గోలీలు మింగుతున్న. గా గోలీలకు చేతులు వణికినయ్. ఇప్పుడు తక్కువైంది. ముడి సూస్కో, పోతదేమో గుంజి సూడు."

బిక్షపతి వంగి ఒక పోగు పట్టి గుంజాడు. నిలిచింది. ఇంకొకటి గుంజాడు. "మంచిగనే ఉంది," అని గొణిగి వెళ్ళిపోయాడు. వరసలో కొందరు చూపులు తిప్పుకున్నారు. సాంచెలు కొట్టుకుంటూనే ఉన్నాయి. రేపు ఈ మనుషులు ఏమంటారో సోమలింగానికి తెలియదు. మళ్ళీ బూడిద అద్దుకుని వంగాడు.

పొద్దు వాలేవేళకు పరమేశ్వర్ ఎర్రదారం దగ్గరికి వచ్చాడు. సోమలింగం వైపు ఇంకా రెండు వేళ్ళ వెడల్పు మిగిలి ఉంది. పరమేశ్వర్ ఈసారి దారం దాటలేదు. చేతులు కట్టుకుని, బావ చివరి పోగు ముడివేసేదాకా ఆగాడు.

"ఓడినవ్ బావా. చాయ్ నీదే."

సోమలింగం అతని ముఖంలోకి చూశాడు. అందులో జాలి ఎక్కడా లేదు, పన్నెండేళ్ళుగా ఓడిపోతూ వచ్చినవాడి గెలుపు తప్ప. కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. చాయ్ చెప్పడానికి లేచాడు. ఇన్నాళ్ళకు లేవడానికి ఒక పని దొరికింది.